లెక్కల సారు గొంతు

మొన్న పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు ఆటో ఎక్కాను. నడిచినా వచ్చే దూరమే గానీ, ఈ మధ్య మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆ డ్రైవరు దారంతా ఫోనులో ఎవరితోనో పోట్లాడుతూ, తిరగాల్సిన చోట తిరక్కుండా నన్ను ఎస్సార్‌నగర్ దాకా తీసుకుపోయి, మళ్లీ వెనక్కి తెచ్చి మైత్రీవనం ముందు దింపాడు. దిగాక నా ఫోను వైపు చూస్తూ, "మేడం, జర ఐదు స్టార్లు కొట్టుండ్రి" అన్నాడు. కొట్టాను. మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే మూడు కొట్టే గుండె నాకు ఏనాడూ లేదు. కొట్టాక మాత్రం, తప్పిన మలుపు సంగతి ఇక ఈయనకు ఎవరు చెబుతారు అనిపించి మనసు అదోలా అయిపోయింది. ఆటో మలుపు తప్పినందుకు ఇంత బాధేమిటని మీరు నవ్వచ్చు. ఇలాంటి ఐదు స్టార్లే మా ఇంట్లో మనిషికి ఏం చేశాయో విన్నాక నవ్వండి, నేనేమీ అనుకోను.

కళ్లజోడు స్క్రూ ఊడిపోతే వేయించుకుందామని వచ్చినదాన్ని, పని చూసుకుని వెళ్లిపోవచ్చు కదా! వెళ్లలేదు. నా తెల్లజుట్టు చూసి కూడా ఒకమ్మాయి చేతిలో సాఫ్ట్‌వేరు కోర్సు కాగితం పెడితే, దాంతో విసురుకుంటూ పక్క సందులోకి నడిచాను. జిరాక్సు మిషన్ల వేడిగాలి, మిరపకాయ బజ్జీల నూనె వాసన, మురుగుకాలవ కంపు కలిసి కొట్టే ఆ సందులో ఒక ఇరుకు మెట్లదారి ఉంది. దాని పైన, మూడో అంతస్తులో, బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరులో నేను కొన్నేళ్లు ఇంగ్లీషు చెప్పాను. చెప్పాను అనడం పెద్దమాట. గదికీ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క. అవతలి గదిలో లెక్కల సారు నోరు తెరిచాడంటే నా క్లాసులో ప్రెజెంట్ టెన్సు, పాస్టు టెన్సు రెండూ కొట్టుకుపోయేవి. మా పిల్లలు నా వైపు చూస్తూ ఆయన పాఠం వినేవాళ్లు. కోపం రావాలి నిజానికి. నేను కూడా వినేదాన్ని, ఇంక కోపం ఎక్కడిది?

లెక్కల సారుది నల్గొండ వైపు. పొట్టి మనిషి, ఆ ఒంట్లోంచి ఆ గొంతు ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి. పాఠం బాగా చెప్పేవాళ్లు అమీర్‌పేటలో గల్లీకి ఒకరున్నారు. ఈయన ప్రత్యేకత పాఠంలో లేదు, మోడల్ టెస్టులో ఉంది. మిగతా చోట్ల టెస్టు పెడితే సారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటాడు. ఈయన కూర్చునేవాడు కాదు. బెంచీల మధ్య తిరుగుతూ, ఎంత టైము అయిందో, ఎంత ఉందో అరిచి చెబుతూ, ఎవరైనా ఒక్క లెక్క దగ్గర తచ్చాడుతుంటే వెనకనుంచి వచ్చి వాళ్ల బెంచీ మీద మార్కరుతో టకటకా కొట్టేవాడు. "ఏ లెక్క మన సుట్టం కాదు. ఇడ్సిపెట్టు బిడ్డా, ముంగటికి పో" అనేవాడు. అంతే, ఆ పిల్లో పిల్లవాడో ఉలిక్కిపడి తరువాతి లెక్కలోకి దూకేవాళ్లు. ఆ పరీక్షంతా వేగం మీదే కదా. రాని లెక్కను వదిలేయడం తెలిసినవాడే గట్టెక్కుతాడు. ఆ వదిలేయించే పనిని ఆయన తన గొంతు మీద వేసుకున్నాడు. పిల్లలకు ఆయనంటే ప్రాణం.

ఆ సారు దగ్గరకే మా తోటికోడల్ని తీసుకెళ్లి చేర్చాను. మా మరిది ప్రేమించి చేసుకున్న పిల్ల. మాది తెనాలి, వాళ్లది సిద్దిపేట వైపు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడ్డ కుటుంబం. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు ఆ అమ్మాయి మాట అర్థం కాక నా వైపు చూసేవారు, ఆ అమ్మాయి అత్తగారి మాట అర్థం కాక నా వైపు చూసేది. ఇంగ్లీషు టీచర్ని, ఇంట్లో తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేసుకుంటూ బతికాను. పిల్ల మాత్రం బంగారం. ఒక్కటే జబ్బు, చేతిలోకి తీసుకున్న పని మధ్యలో వదలలేదు. గిన్నె మాడిందనుకోండి, నానబెట్టి రేపు తోముకుందామని మనం అనుకుంటాం. ఆమె ఆ మాడు పోయేదాకా కదలదు. అవతల పాలు పొంగుతున్నా కదలదు. బ్యాంకు పరీక్షలోనూ అదే వరస. లెక్క రాక కాదు, వచ్చి కూడా ఒక్క లెక్కను పట్టుకుని కూర్చుని, మిగతావి చూడకుండానే టైము అయిపోయి, ప్రతిసారీ కొద్దిలో పోగొట్టుకునేది. అలా పోయీ పోయీ, పరీక్షకు వయసు హద్దు దగ్గరకు వచ్చేసింది. ఇంకొక్కసారి రాయొచ్చు, ఆపైన రాయనివ్వరు. మా మరిది ఉద్యోగం ఇవాళ ఉంటే రేపు ఉండని రకం. ఇంట్లో ఒక్కరికైనా నిలకడైన ఉద్యోగం ఉండాలని ఆ అమ్మాయి పట్టుదల. ఆ పట్టుదలంతా ఆ చివరి పరీక్ష మీదే ఉంది.

సారు మొదటి టెస్టులోనే ఆమె జబ్బు పట్టేశాడు. ఇక ఆమె బెంచీ వదల్లేదు. ఆమె పెన్ను ఒకచోట ఆగిందంటే చాలు, గది ఏ మూలనుంచైనా ఆ గొంతు వచ్చేది. ప్లైవుడ్ ఇవతల నాకు కూడా తెలిసిపోయేది, మా పిల్ల మళ్లీ ఆగిందని. వారం తిరిగేసరికి మార్కులు పెరిగాయి. నెల తిరిగేసరికి క్లాసులో ముందువరస. యూసుఫ్‌గూడలోనే కాపురం పెట్టిన మా మరిది వాళ్లింటికి వెళితే వంటింట్లో కూడా అదే పాట. "అక్కా, సారు ఎనుక నిలవడితే నాకు ఫికరే ఉండదు. మస్తు కొడ్తున్న టెస్టులు" అనేది. మేమంతా ఎంత సంతోషపడ్డామో! మా అత్తగారైతే మనవరాలికి అన్నం పెడుతూ, "ఇడ్సిపెట్టు బిడ్డా" అని ఆ సారు మాట అప్పజెప్పి నవ్వేవారు. ఆ మాట ఆవిడ నోట తెనాలి యాసలో ఉండేది.

ఇక ఫీడ్‌బ్యాక్ రోజు సంగతి. అమీర్‌పేటలో ఇదొక పండగ. బ్యాచి చివరి రోజున, అంటే పరీక్షకు ముందు రోజున, సమోసాలు, చాయ్ తెప్పించి పిల్లల్ని ఒక్కొక్కర్నీ బోర్డు ముందు నిలబెట్టి, కోచింగ్ ఎలా జరిగిందో చెప్పమని ఫోనులో వీడియో తీస్తారు. పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, సార్ల గురించి రెండు మంచి మాటలు చెప్పాలి, చివర్లో నవ్వాలి. మా ఓనరుది భీమవరం. చెడ్డవాడు కాదు, ఎదుటి బిల్డింగులో బ్యాచి నిండితే నిద్రపట్టని మనిషి, అంతే. పరీక్ష రాయకముందే కోచింగ్ ఎలా ఉందో పిల్లలకెలా తెలుస్తుందండీ, రాసొచ్చాక అడగొచ్చు కదా అని నేనొకసారి అన్నాను. "ఏంటి మేడం గారూ మీరు! రిజల్టు వచ్చాక పాసైనవాడు ఫోన్ ఎత్తడు, ఫెయిలైనవాడు ఫోన్ పెట్టడు. తీసుకుంటే ముందే తీసుకోవాలండి" అన్నాడు. పిల్లలు కూడా అంతే, సారు ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంటే లోపాలు ఎవరు వెతుకుతారు? నోట్లో ఓనరు పెట్టించిన సమోసానే ఉందాయె.

ఆ రోజు మా తోటికోడలు ఆకుపచ్చ చుడీదారు వేసుకొచ్చింది. మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి, కెమెరా వైపు తిరిగి తలెత్తి చెప్పింది. "నాకు లెక్క కాడ ఆగుడు అలవాటు. సారు ఎనుకకెంచి ఇడ్సిపెట్టు బిడ్డా అంటడు. గా గొంతు ఇంటే చాలు, నేను ఉరుకుత. ఈసారి జాబ్ కొడ్త" అని నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. లెక్కల సారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటో కన్నీళ్లో నేను అడగలేదు. నాకైతే కళ్లు నిండాయి. ఓనరు ఆ వీడియో చూసుకుని చూసుకుని, అదే నంబర్ వన్ అన్నాడు.

మర్నాడు పరీక్ష. ఆ తరువాత ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు, అలసట అనుకున్నాం. ఫలితం వచ్చింది, రాలేదని. ఆ సాయంత్రం నేను యూసుఫ్‌గూడ వెళ్లేసరికి మా మరిది గుమ్మంలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె వంటింట్లో గిన్నె తోముతోంది. అది తళతళలాడుతోంది, అయినా తోముతోంది. ఆ గిన్నె లాక్కుని పక్కన పెట్టాను. ఏమ్మా, పేపరు అంత కష్టంగా వచ్చిందా అంటే, కాదంది. తొట్టి నింపే కొళాయిల లెక్క ఒకటి వచ్చిందట. రెండు కొళాయిలు నింపుతుంటే ఒకటి ఖాళీ చేస్తుంది చూడండి, ఆ రకం. వచ్చిన లెక్కే, ఇంకొక్క మెట్టులో తేలిపోతుందనిపించి పట్టుకుని కూర్చుందట. అక్కడ కంప్యూటరు మీద రాయాలి. మా సెంటరులో అన్ని కంప్యూటర్లు ఎక్కడివి, కాగితం మీదే రాయించేవాళ్లం. ఆ తెర మీద ఒక్కో భాగానికి ఇంత అని టైము ఉంటుంది, అది అయిపోగానే తెర తనంతట తానే తరువాతి భాగానికి వెళ్లిపోతుంది, వెనక్కి రానివ్వదు. ఆ కొళాయి లెక్క తేలకముందే తెర మారిపోయింది. చూడను కూడా చూడని లెక్కలు ఎన్నో వెనకే ఉండిపోయాయి.

తెర మీదే గడియారం కనబడుతుంది కదమ్మా అన్నాను. అనకుండా ఉండాల్సింది గానీ నోరు ఊరుకోదు కదా. ఆమె నా వైపు చూసి, "ఉన్నదక్కా. నేను సూస్తలేను. చెవి పెట్టుకొని కూసున్న. సారు పిలుస్తడు కద అని కూసున్న" అంది. అని, తనకే నవ్వొచ్చినట్టు చిన్నగా నవ్వింది. ఏ మందుతో ఆమె జబ్బు తగ్గిందని మేమంతా పొంగిపోయామో, ఆ మందు లోపలికి తీసుకుపోనిచ్చేది కాదు. ఆ సంగతి ఆ హాల్లో కూర్చున్నాకే తెలిసింది, అదీ టైము అయిపోయాక. పోనీలే అందామని నోరు తెరిచాను. నా నాలుక మీదకు వచ్చిన మాట "ఇడ్సిపెట్టు". దాన్ని అలాగే మింగేసి, ఆమె చేతికి అంటిన సబ్బునురగ నా కొంగుతో తుడిచాను. అంతకన్నా ఏం చేయగలను?

కొన్నాళ్లకు ఆమే వచ్చి, లెక్కల సారుతో మాట్లాడాలి, తోడు రమ్మంది. ఇప్పుడు చెప్పి లాభమేమిటమ్మా, నీకు వయసు దాటిపోయింది కదా అన్నాను. "నాది అయిపోయింది అక్కా. గాడ కూసున్నోళ్లది అయిపోలే కద" అంది. సరే, వెళ్లాం. కొత్త బ్యాచికి మోడల్ టెస్టు జరుగుతోంది. ఫలితం సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు అప్పటిదాకా రాలేదు. గుమ్మంలో ఆమెను చూడగానే సారు మొహం వెలిగిపోయింది. ఏం బిడ్డా, వచ్చింది కద అన్నాడు, అందరిముందూ, రాకుండా ఎలా ఉంటుందన్నంత ధీమాగా. ఆమె తల అడ్డంగా ఊపింది. తరువాత గొంతు తగ్గించి, సాఫీగానే చెప్పింది. "గేటు కాడ చేతి గాజులు సుత తీపిచ్చిండ్రు సార్. మీ గొంతు సుత ఆడ్నే ఆగింది. వీళ్లను జర ఒక్కళ్లనే రాయనీయుండ్రి." ఆ సెంటరు పుట్టాక పరీక్ష రాసొచ్చినవాళ్లు ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ బహుశా అదొక్కటే. దాన్ని ఎవరూ వీడియో తీయలేదు.

సారు మార్కరు మూత పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను ఎరగను. ఫ్యాను కిర్రుమంటోంది, కింద రోడ్డు మీద బస్సు హారను వినబడుతోంది. పిల్లలు రాస్తున్నవాళ్లు రాస్తున్నట్టే ఆగి, తలలెత్తి ఆయన వైపు చూశారు. ముందు బెంచీ అమ్మాయి, సార్, పాణం బాగలేదా అని అడిగింది. బాగనే ఉన్నది, రాయుండ్రి అన్నాడాయన. కిందకు దిగి చాయ్ దుకాణం దగ్గర నిలబడ్డప్పుడు నాతో, "నా నోరే నా పని అనుకున్న మేడం. గిట్లయితదని నాకేం ఎరుక" అన్నాడు. చాయ్ చల్లారిపోతున్నా తాగలేదు. ఆయనకు నేనేం ఓదార్పు చెప్పను? ఆయన ప్రేమలో దోషం లేదు, ఆమె నమ్మకంలో దోషం లేదు. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే అదొక సుఖం. మాకు ఆ సుఖం కూడా లేకుండాపోయింది.

ఆ బ్యాచంతా సారు నోరు మెదపకుండా కూర్చున్నాడు. టెస్టుల్లో మార్కులు పడిపోయాయి. పడతాయి మరి, తమ కాళ్ల మీద తాము నడవడం మొదలుపెడితే మొదట పడరా? కానీ అంత ఓపిక అమీర్‌పేటలో ఎవరికుంది. సగంమంది ఓనరు దగ్గరకు వెళ్లి, ఈ సారు టెస్టులో ఊకె కూసుంటుండు, పట్టించుకుంటలేడు అన్నారు. ఎదుటి బిల్డింగులో ఈలతో టైము చెప్పే సారొకాయన వచ్చాడని తెలిసి, కొంతమంది అటు మారిపోయారు కూడా. ఫీడ్‌బ్యాక్ రోజున సమోసాలు తిని కూడా పిల్లలు లెక్కల సారు పేరెత్తలేదు. ఓనరు నెత్తి పట్టుకుని, ఏంటి సార్, మన బలమే మీ గొంతు కదండీ అని బతిమాలాడు. సారు నోరెత్తని ఆ బ్యాచిలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో, ఆ మౌనం వాళ్లకు మేలు చేసిందో కీడు చేసిందో మాకు ఇప్పటికీ తెలియదు. రాసొచ్చినవాళ్లను అడిగే అలవాటు మాకు లేదు కదా. తరువాతి బ్యాచి మొదటి టెస్టు రోజున, నేను నా గదిలో ఉండగా, ప్లైవుడ్ అవతల మార్కరు టకటకలాడింది. "ఇడ్సిపెట్టు బిడ్డా, ముంగటికి పో." మా పిల్లలు మళ్లీ నా వైపు చూస్తూ ఆయన మాట వినడం మొదలుపెట్టారు. సాయంత్రం మెట్ల మీద కలిస్తే, ఆయనే తల దించుకుని, "బిడ్డలే అడుగుతున్నరు మేడం. వద్దని ఎట్లంట?" అన్నాడు.

మా తోటికోడలు ఇప్పుడు సోమాజిగూడలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరులో పనిచేస్తోంది. బాగా చేస్తుందట, వరసలో ఎంతమంది ఉన్నా ముందున్న మనిషి పని తేలేదాకా పక్కకు చూడదట. అక్కడ ఆ గుణం పనికొచ్చింది. అయినా బ్యాంకు ముందునుంచి ఆటో వెళితే ఇప్పటికీ అటు చూడదు. నేను సెంటరు మానేసేటప్పుడు ఓనరును ఒక్కటే కోరాను, మెట్ల దగ్గర టీవీలో తిప్పుతున్న మా పిల్ల వీడియో తీసేయమని. "తీసేస్తే ఎలాగండీ! అంత నమ్మకంగా చెప్పే మొహం మళ్లీ దొరకదు కదండీ" అన్నాడు. అబద్ధమా అంటే అబద్ధం కాదు.

మొన్న నేను ఆ సందులోకి నడిచింది ఆ వీడియో కోసమే. మెట్ల దగ్గర నిలబడ్డాను. టీవీ పాతదైపోయి రంగులు వెలిశాయి, ఆకుపచ్చ చుడీదారు బూడిదరంగులోకి వచ్చింది. మాట మాత్రం స్పష్టంగా ఉంది. భుజాలకు సంచులతో ఇద్దరమ్మాయిలు ఆగి విన్నారు. అందులో ఒకమ్మాయి నన్ను చూసి, నేనెవరో ఏమిటో తెలియకపోయినా, "ఆంటీ, గీ అక్కకు జాబ్ వచ్చిందా?" అని అడిగింది. చెప్పాలనే నోరు తెరిచాను. ఏమని చెప్పను? లోపలికి వెళ్లబోయే పిల్లలకు వద్దని చెప్పనా, వెళ్లమని చెప్పనా? ఇంతలో పైనుంచి, కాస్త బొంగురుపోయిన గొంతు, ఇడ్సిపెట్టు బిడ్డా అంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ మెట్లెక్కేశారు. నేను కిందే ఉండిపోయాను. టీవీలో మా తోటికోడలు మళ్లీ మొదటినుంచి పేరు చెప్పి, ఊరు చెప్పి, తలెత్తి నవ్వింది. ఇన్నేళ్లూ మా అందరి మీదుగా నడిచిపోయాయి గానీ, ఆ తెర మీద మాత్రం మా పిల్లకు పరీక్ష ఇంకా రేపే.